కరోనా సాయం ఎవరి చేతికందింది? అమెరికా నల్లరైతుల అనుభవం, మన పాఠం

2020లో కరోనా వచ్చినప్పుడు చాలా దేశాల్లో ప్రభుత్వాలు రైతుల ఖాతాల్లో డబ్బులు వేశాయి. జబ్బుకి కులం లేదు, రంగు లేదు, అందరం ఒకే పడవలో ఉన్నాం అనే మాట ఆ రోజుల్లో బాగా చెలామణి అయింది. జబ్బు సంగతి అలా ఉంచుదాం. సాయం మాత్రం జాబితాల్ని బట్టి వస్తుంది. జాబితాలు భూమిని బట్టి, కాగితాల్ని బట్టి, ఆఫీసుల్లో కూర్చున్న మనుషుల్ని బట్టి తయారవుతాయి. ఈ మూడూ ఎవరి చేతుల్లో ఉన్నాయో సాయం కూడా వాళ్ళ చేతికే పోతుంది. అమెరికా నల్లరైతుల విషయంలో ఇది అంకెల్లో స్పష్టంగా కనబడింది. ఆ కథ తెలుసుకోవడం మనకెందుకు అవసరమో వ్యాసం చివర చెప్పుకుందాం.

డబ్బులు పంచిన తీరు

బళ్ళు, హోటళ్ళు మూతపడి కొనేవాళ్ళు లేక పాలు నేలపాలయ్యాయి. మాంసం ఫ్యాక్టరీలు ఆగిపోయి పందుల్ని చంపి పూడ్చిపెట్టారు. 2020 ఏప్రిల్ 17న ట్రంప్ ప్రభుత్వం 1,900 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా ఇచ్చేది. మిగతా 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పేదలకు పంచడానికి. మే 26 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. సెప్టెంబరులో మరో 1,400 కోట్ల దాకా రెండో విడత ప్రకటించారు. ఇతర పథకాలు కూడా కలుపుకుంటే ఆ ఒక్క సంవత్సరం అమెరికా రైతులకు నేరుగా ముట్టింది 4,500 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటికి ఆ దేశ చరిత్రలో అదే అత్యధికం.

ఎవరికెంత అనేది ఎట్లా నిర్ణయించారు? జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ధర 5 శాతమో అంతకన్నా ఎక్కువో పడిపోయిన సరుకుల్ని మొదటి విడతలో తీసుకున్నారు. ఎంత పండించావు, ఎంత నిల్వ ఉంది, ఎన్ని పశువులున్నాయి అని లెక్కగట్టి ఆ ప్రకారం ఇచ్చారు. రెండో విడతలో కొన్ని పంటలకు ఎకరానికి 15 డాలర్లు అని పెట్టారు. ఒక మనిషికి గరిష్ట పరిమితి 2,50,000 డాలర్లు. అదే కంపెనీ పేరుమీద వ్యవసాయం చేస్తూ ముగ్గురు భాగస్వాముల్ని చూపిస్తే 7,50,000 దాకా తీసుకోవచ్చు.

ఎక్కువ పండించినవాడికి ఎక్కువ నష్టం, కనక ఎక్కువ సాయం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ సూత్రంలో ఎవడెంత బతికి బట్టకట్టగలడు అనే ప్రశ్న ఎక్కడా లేదు. వెయ్యెకరాల ఆసామికి ఒక సీజను నష్టం బ్యాంకు ఖాతాలో ఒక గీత. నలభై ఎకరాలవాడికి అదే నష్టం భూమి పోవడం. అమెరికాలో నలభై ఎకరాలంటే చిన్న కమతమే. ఇక పొలంలో కోత కోసే కూలీలు, మాంసం ఫ్యాక్టరీల్లో జబ్బు పడ్డ కార్మికులు ఈ పథకంలోకే రాలేదు. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో తదితర దేశాల నుంచి వచ్చినవాళ్ళు, నల్లవాళ్ళు. వాళ్ళకి తలా 600 డాలర్లు ఒక్కసారి ఇచ్చే పథకం 2021 సెప్టెంబరులో గానీ ప్రకటించలేదు. ఆసామికి రెండున్నర లక్షల పరిమితి, కూలీకి ఆరు వందలు.

నాలుగు అంకెలు

2017 వ్యవసాయ గణన ప్రకారం అమెరికాలో వ్యవసాయం చేస్తున్నవాళ్ళు సుమారు 34 లక్షలు. వాళ్ళలో నల్లవాళ్ళు 48,697 మంది, అంటే 1.4 శాతం. వాళ్ళు సాగుచేస్తున్న భూమి 47 లక్షల ఎకరాలు, అంటే దేశం మొత్తం సాగుభూమిలో 0.5 శాతం. వాళ్ళు అమ్మిన సరుకు మొత్తం అమ్మకాల్లో 0.4 శాతం. మరి కరోనా సాయంలో వాళ్ళ వాటా ఎంత? బైడెన్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ 2021 మార్చిలో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 2,600 కోట్ల డాలర్లలో నల్లరైతులకు దక్కింది 2 కోట్ల 8 లక్షలు. అంటే 0.1 శాతం.

1.4, 0.5, 0.4, 0.1. ఈ నాలుగు అంకెల్నీ విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక సాకు చెప్పొచ్చు. వరసగా చూస్తే ఒక్కో మెట్టు దగ్గర ఏం జరిగిందో అర్థమవుతుంది. మనుషుల వాటాకన్నా భూమి వాటా తక్కువ. అది గతంలో జరిగిన దోపిడీ. భూమి వాటాకన్నా అమ్మకాల వాటా తక్కువ. అది అప్పు, నీళ్ళు, మార్కెట్టు అందకపోవడం. అమ్మకాల వాటాకన్నా సాయం వాటా తక్కువ. అమ్మకాన్ని బట్టే సాయం ఇచ్చామనే ప్రభుత్వం ఈ చివరి మెట్టుకి జవాబు చెప్పాలి. దానికి జవాబు సూత్రంలో దొరకదు, ఆఫీసులో దొరుకుతుంది.

కౌంటీ ఆఫీసు

కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లాలాంటిది. అమెరికాలో మూడు వేల పైచిలుకు కౌంటీలున్నాయి. పల్లె కౌంటీల్లో రైతుకి ప్రభుత్వమంటే వాషింగ్టన్ కాదు, అక్కడి వ్యవసాయ శాఖ ఆఫీసు. దాన్ని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అంటారు. ఆ ఆఫీసు ఇచ్చే ఫార్మ్ నంబరు మన పాసుబుక్కులాంటిది. ఆ నంబరు లేకపోతే అప్పు లేదు, సబ్సిడీ లేదు, విపత్తు సాయం లేదు. ఆఫీసు మీద స్థానిక రైతులు ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. ప్రజాస్వామ్యమే కదా అనిపిస్తుంది. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో 1960ల మధ్యదాకా ఈ కమిటీల్లో నల్లమనిషి దాదాపు కనబడడు. ఓటు వెయ్యడానికే దిక్కులేని చోట కమిటీలో కూర్చోబెట్టేదెవరు? ఊళ్ళో పెద్ద ఆసామి, ఆయన బావమరిది, బ్యాంకు మేనేజరు స్నేహితుడు. వీళ్ళే ఎవరికి అప్పివ్వాలో, ఎవరి పంట విస్తీర్ణం ఎంతో తేల్చేవాళ్ళు. మన ఊళ్ళల్లో కోపరేటివ్ సొసైటీ ఎవరి చావిడిలో నడిచిందో గుర్తుంటే ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

దీనికితోడు కాగితాల సమస్య ఉంది. బానిసత్వం పోయిన తరవాత పైసా పైసా కూడబెట్టి భూమి కొన్న నల్లకుటుంబాలు చాలావరకు వీలునామా రాయలేదు. కోర్టుల మీద, తెల్ల లాయర్ల మీద వాళ్ళకి నమ్మకం లేదు. తాత పోతే పిల్లలందరికీ, వాళ్ళు పోతే మనవలందరికీ భూమి ఉమ్మడిగా దక్కింది. దున్నేవాడు ఒకడున్నా హక్కుదార్లు ఎక్కడెక్కడో ఉంటారు. ఏ ఒక్కడి పేరుమీదా స్పష్టమైన పత్రం ఉండదు. అందువల్ల ఫార్మ్ నంబరు రావడం కష్టం. విరాసత్ కాక తాత పేరునే ఉండిపోయిన మన పట్టాల్లాంటి సంగతే ఇది. పైగా దూరాన ఉన్న ఒక వారసుడి వాటాని వ్యాపారి చవగ్గా కొని, కోర్టుకెళ్ళి మొత్తం భూమిని వేలం వేయించిన కేసులు కొల్లలు. వేరే ఆధారాలు చూపించినా నంబరు ఇవ్వొచ్చని చట్టంలో 2018లో గానీ రాయలేదు.

ఇది కరోనాతో మొదలైంది కాదు

1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు ప్రకారం విముక్తి పొందిన కుటుంబాలకు నలభై ఎకరాల చొప్పున భూమి ఇవ్వాలనుకున్నారు. ఆ ఏడాది తిరక్కుండానే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకి వాపసు చేయించాడు. అయినా నల్లవాళ్ళు సొంత కష్టంతో 1910 నాటికి కోటీ యాభై లక్షల ఎకరాలకు పైగా సంపాదించుకున్నారు. 1920లో నల్లరైతులు 9 లక్షల 25 వేలమంది. దేశంలోని రైతుల్లో ప్రతి ఏడుగురిలో ఒకడు. అక్కణ్ణించి 2017 నాటి నలభై ఎనిమిది వేలకు ఎట్లా పడిపోయారు? పట్నాలకి వలస ఒక కారణం. తెల్లమూకల దాడులు ఒక కారణం. సాయం పేరుతో ప్రభుత్వమే చేసిన పనులు మూడో కారణం.

1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం పత్తి ధర నిలబెట్టడానికి సాగు తగ్గిస్తే డబ్బులిస్తామంది. డబ్బులు భూస్వామి చేతికిచ్చి, అందులో పాలుకి చేసేవాడి వాటా పంచమంది. భూస్వాములు పంచలేదు సరికదా, సాగు తగ్గింది కనక మీతో పని లేదని పాలుకి చేసేవాళ్ళని ఇళ్ళు ఖాళీ చేయించారు. దీనిమీదే 1934 జులైలో ఆర్కాన్సాస్ రాష్ట్రం పాయిన్సెట్ కౌంటీలోని టైరాంజా అనే చిన్న ఊళ్ళో పదకొండుమంది తెల్లవాళ్ళు, ఏడుగురు నల్లవాళ్ళు కలిసి దక్షిణాది కౌలురైతుల సంఘం పెట్టారు. ఒక్క కౌలుదారుణ్ణి కూడా తీసెయ్యకూడదని వ్యవసాయ శాఖలో కొందరు అధికారులు పట్టుబడితే 1935 ఫిబ్రవరిలో ఆ అధికారుల్నే ఉద్యోగాల్లోంచి తీసేశారు. రైతు సాయం రైతుని ఊరొదిలిపెట్టించగలదని అప్పుడే రుజువైంది.

ఆ తరవాత అప్పుల వంతు. విత్తనాలు వెయ్యాల్సిన కాలంలో తెల్లరైతుకి అప్పు చేతికొచ్చేది. నల్లరైతు దరఖాస్తు పంటకాలం దాటిందాకా బల్లమీదే ఉండేది. అప్పు వచ్చినా అధికారి సంతకం ఉంటే తప్ప డబ్బు తీసుకోడానికి వీల్లేని ఖాతాలో వేసేవాళ్ళు. పంట పోతే పొలం వేలం. ఫిర్యాదు చేద్దామంటే, వ్యవసాయ శాఖలో పౌరహక్కుల ఫిర్యాదులు విచారించే విభాగాన్ని 1983లో రీగన్ ప్రభుత్వం ఎత్తేసింది. 1997లో ఉత్తర కరోలినా రైతు తిమోతీ పిగ్‌ఫర్డ్ తదితరులు కోర్టుకెక్కారు. 1999లో రాజీ కుదిరింది. పదిహేను వేల పైచిలుకు కుటుంబాలకు చాలావరకు తలా 50,000 డాలర్లు వచ్చాయి. గడువు దాటిందని వెనక్కి పంపిన వేలమంది కోసం 2010లో మరో 125 కోట్లు మంజూరు చేశారు. డబ్బు వచ్చింది. పోయిన భూమి తిరిగి రాలేదు.

రుణమాఫీ వచ్చింది, పోయింది

2021 మార్చి 11న బైడెన్ సంతకం చేసిన కరోనా సాయం చట్టంలో 1005 సెక్షను ఉంది. వివక్షకు గురైన జాతుల రైతులకు, అంటే నల్లవాళ్ళు, ఆదివాసులు, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు, ఆసియా మూలాలవాళ్ళకు ప్రభుత్వ వ్యవసాయ రుణాలు మాఫీ చేసి, పన్నులు కట్టుకోడానికి మరో 20 శాతం కలిపి ఇవ్వాలని అందులో రాశారు. అంచనా సుమారు 400 కోట్ల డాలర్లు. జార్జియా నుంచి గెలిచిన నల్ల సెనేటరు రఫయేల్ వార్నాక్ దీనికోసం గట్టిగా నిలబడ్డాడు.

మాఫీ ఉత్తరాలు అందాయి. డబ్బు అందలేదు. అప్పులు ముందే తీరిపోతే వడ్డీ ఆదాయం పోతుందని బ్యాంకుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. తెల్లరైతులు తమపట్ల వివక్ష అంటూ విస్కాన్సిన్, ఫ్లోరిడా, టెక్సాస్, టెనెసీల్లో కేసులు వేశారు. 2021 జూన్, జులై నెలల్లో కోర్టులు వరసగా ఆపేశాయి. 2,600 కోట్లలో నల్లవాళ్ళకి 0.1 శాతం పోయినప్పుడు ఎవరికీ గుర్తుకురాని సమానత్వ సూత్రం 400 కోట్లు అటు పోతాయనేసరికి గుర్తొచ్చింది.

ఫ్లోరిడా జడ్జి చెప్పిన ఒక వాదన మాత్రం మనం జాగ్రత్తగా వినాలి. వివక్షవల్ల అప్పే పుట్టనివాడికి రుణమాఫీవల్ల ఒరిగేదేముంది అని ఆమె అడిగింది. చట్టాన్ని ఆపడానికి వాడినా ఈ ప్రశ్నలో నిజం ఉంది. మాఫీ అప్పున్నవాడికే వస్తుంది. అప్పు పుట్టాలంటే భూమి ఉండాలి. అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు జాబితాలోకే రాడు. మన రుణమాఫీలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

2022 ఆగస్టులో కొత్త చట్టంతో 1005 సెక్షనుని రద్దుచేశారు. దాని స్థానంలో అప్పుల్లో మునిగిన రైతులందరికీ 310 కోట్లు, ఏ రకం వివక్షకైనా గురైనవాళ్ళకి 220 కోట్లు పెట్టారు. చట్టంలో రంగు మాట లేకుండా జాగ్రత్తపడ్డారు. మాట తప్పారని నల్లరైతుల జాతీయ సంఘం నాయకుడు జాన్ బాయిడ్ తదితరులు ప్రభుత్వం మీద దావా వేశారు. 2024 జులై 31న 43 వేలమందికి పైగా సుమారు 200 కోట్లు మంజూరైనట్టు ప్రకటించారు. లబ్ధిదార్లు ఎక్కువగా మిసిసిపీ, అలబామాల్లోనే ఉన్నారు. అంటే వివక్ష ఎక్కడ జరిగిందో లెక్క దానంతటదే చూపించింది. 2025 జులైలో వ్యవసాయ శాఖ తన పథకాల్లో జాతిని, స్త్రీ పురుష భేదాన్ని లెక్కలోకి తీసుకోవడం మానేస్తున్నట్టు ప్రకటించింది.

భూమి ఉంటే ఏమవుతుంది

ఇదంతా డబ్బు గొడవ అనుకుంటే పొరపాటు. మిసిసిపీలోనే రెండు అనుభవాలు చూడండి. సన్‌ఫ్లవర్ కౌంటీలో ఫానీ లూ హేమర్ తెల్లవాడి పత్తి తోటలో పాలుకి చేసుకునే మనిషి. 1962 ఆగస్టులో ఓటరుగా నమోదు కావడానికి వెళ్ళొచ్చినందుకు ఆ రోజే తోటలోంచి వెళ్ళగొట్టారు. పద్దెనిమిదేళ్ళ చాకిరీ, నెత్తిమీద కప్పు ఒక్క సాయంత్రంతో పోయాయి.

హోమ్స్ కౌంటీలో కథ వేరు. రూజ్వెల్ట్ కాలంలో మైల్‌స్టన్ దగ్గర ప్రభుత్వం పత్తి తోటల్ని కొని, నల్ల కౌలుదార్లకు దీర్ఘకాలం వాయిదాల మీద పొలాలిచ్చింది. ఇళ్ళు, బడి, సహకార జిన్ను కూడా ఏర్పడ్డాయి. ఒక తరం గడిచింది. 1963 ఏప్రిల్ 9న ఆ పరిసరాల నుంచి పద్నాలుగుమంది ఓటు నమోదుకి లెక్సింగ్టన్ కోర్టు దగ్గరికి నడిచి వెళ్ళారు. ముందు నిలబడ్డ హార్ట్‌మన్ టర్న్‌బో సొంత పొలం ఉన్న రైతు. మరుసటి నెల ఆయన ఇంటిమీద బాంబులేశారు. ఆయన పొలం వదిలి పోలేదు. పొమ్మనడానికి అది ఎవరి తోటా కాదు. అదే కౌంటీ నుంచి 1967లో రాబర్ట్ క్లార్క్ మిసిసిపీ శాసనసభకు గెలిచాడు. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన మొదటి నల్లమనిషి ఆయనే. వ్యవసాయ శాఖ తలుచుకుంటే ఏం చెయ్యగలదో కూడా ఈ కౌంటీలో కనబడుతుంది. చెయ్యనివ్వనిది ఎవరో కూడా అర్థమవుతుంది.

మన సంగతి

నల్లవాళ్ళ పోరాటంతో మన సంబంధం కొత్తది కాదు. 1946లో అంబేద్కర్ నల్లమేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ని చూసే. పేరుతోపాటు లెక్కలు తీసే పద్ధతి కూడా నేర్చుకోవాలి.

2020 మార్చి 26న కేంద్ర ప్రభుత్వం కరోనా ప్యాకేజీలో భాగంగా సుమారు 8.7 కోట్ల రైతులకు పీఎం కిసాన్ కింద 2,000 రూపాయలు ముందుగా వేస్తామని ప్రకటించింది. ఎవరా రైతులు? 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డులో పేరున్నవాళ్ళు. కౌలుదార్లు లేరు, కూలీలు లేరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో ఎస్సీలవి సుమారు 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం లోపు. సగటు ఎస్సీ కమతం 0.78 హెక్టారు, అంటే రెండెకరాల లోపు. జనాభాలో మాత్రం 16.6 శాతం. అమెరికా మెట్లే ఇక్కడా ఉన్నాయి.

తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధుకి భూపరిమితి లేదు. యాభై ఎకరాలవాడికి యాభై ఎకరాలకీ ఇచ్చారు. ఆ పొలం కౌలుకి చేసే మాదిగకి, మాలకి పైసా లేదు. 2017 రికార్డుల ప్రక్షాళనలో పార్ట్ బిలో పడ్డ భూములకి పాసుబుక్కు రాలేదు, డబ్బు రాలేదు. 2025 జనవరి 26న మొదలుపెట్టిన పథకాల్లో భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 అన్నారు. అదే రోజున మొదలైన రైతు భరోసాలో ఎకరానికి ఏడాదికి 12,000. అంటే పదెకరాలవాడి లక్షా ఇరవై వేలకు ఎదురుగా కూలీ కుటుంబం మొత్తానికి పన్నెండు వేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన వైఎస్సార్ రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లని చేర్చారు. ఇది మెచ్చుకోదగ్గ సంగతే. కానీ అదే ఏడాది వచ్చిన సాగుదార్ల హక్కుల చట్టంలో కౌలు కార్డుకి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. అడిగితే కౌలు పోతుందేమోనని మనవాడి భయం. ఈ రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతుంది.

ఒక తేడా గమనించాలి. అమెరికా కరోనా పథకం ఎంత లోపభూయిష్ఠమైనా, పంట నష్టంలో పాలున్నవాడికే డబ్బు అనే నియమం అందులో ఉంది. నగదు కౌలు పుచ్చుకుని పట్నంలో కూర్చున్న యజమానికి లేదు. మన దగ్గర తారుమారు. రెండో తేడా రాజ్యాంగం. 1005 సెక్షనుకి అమెరికాలో ఎదురైన అడ్డంకి ఇక్కడ లేదు. 15(4), 46 అధికరణల బలంతో కులం పేరు చెప్పి సాయం చెయ్యొచ్చు. చట్టం అడ్డురాని చోట కూడా చెయ్యలేదంటే ఇష్టం లేకనే.

ఉద్యమకారులు, విద్యార్థులు, టీచర్లు ఊళ్ళల్లో వెంటనే చెయ్యగల పనులు కొన్నున్నాయి. ఏ సాయం ప్రకటించినా కులాలవారీ లెక్క ప్రచురించమని అడగాలి. ఆ 0.1 శాతం అనే అంకె బయటికి రాకపోతే అమెరికాలో చర్చే జరిగేది కాదు. గ్రామసభలో లబ్ధిదార్ల జాబితాతోపాటు నిజంగా దున్నేవాళ్ళ జాబితా కూడా చదివించి, తేడా మినిట్స్‌లో రాయించాలి. యజమాని సంతకం బదులు గ్రామసభ ధ్రువీకరణ చాలనే సవరణ కోసం పట్టుబట్టాలి. వాడల్లో విరాసత్ కాని పట్టాలు, పార్ట్ బిలో ఉండిపోయిన సర్వే నంబర్లు, అసైన్డ్ భూముల కాగితాలు ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. ఈ పని విపత్తు వచ్చాక చేస్తే కుదరదు. దరఖాస్తుల గడువు అప్పుడు వారాల్లో అయిపోతుంది. జాబితాలు మాత్రం ఏళ్ళ ముందే తయారై ఉంటాయి.